వదిన చెయ్యి పెట్టిన నీళ్లు

ఆదివారం, బోనాలకు రెండు వారాల ముందు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా. స్థలం: నాచారం, మహేశ్ ఫ్లాటు, హాలు. ఉన్నవారు: మా అన్న కొడుకు మహేశ్, అతని భార్య సునీత, వాళ్ల కూతురు సాహితి, మా వదిన అనసూయ, నేను. నా భార్య మోకాళ్ల నొప్పి వల్ల ఉప్పల్‌లోనే ఉండిపోయింది. పని: సాహితి కొత్తగా కొన్న చిన్న ఉప్పునీటి చేపల తొట్టిలో ఇసుక, రాయి వేసి నీళ్లు నింపడం.

డైరీలో ఇంతవరకు రాసి ఆగిపోయాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా డైరీ మానిన రోజు లేదు. జ్వరమొస్తే జ్వరమెంతో రాసేవాణ్ని, చావింటికి పోయి వస్తే ఎవరెవరు వచ్చారో రాసేవాణ్ని. ఆ సాయంత్రం గురించి రాయాల్సిన మాట ఒక్కటే మిగిలింది. అది మా వదిన అన్న మాట. దాన్ని ఉన్నదున్నట్టు రాయాలంటే, ఎందుకన్నదో కూడా రాయాలి. ఎందుకన్నదో నాకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు, ఆమెతో సహా.

సాహితికి పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం. పొద్దంతా తెర ముందు కూచునే పిల్లకు ఈ చేపల పిచ్చి ఎలా పట్టిందో తెలియదు కానీ, పట్టింది. మూరెడు పొడుగున్న గాజు తొట్టి తెచ్చింది. ఫిల్టరు నీళ్లు బకెట్లో పట్టి, పొట్లంలోని సముద్రపు ఉప్పు కొంచెం కొంచెంగా కలిపింది. ఉప్పు సరిపోయిందో లేదో చూసే గాజు పరికరం నా చేతికిచ్చి, "చిన్నతాతా, ఈ డిపార్ట్‌మెంట్ నీది" అంది. నాకు సంతోషమైంది. తార్నాకలో తెలిసినవాళ్ల తొట్టిలోంచి తెచ్చిన రాయి ఒకటి తడి పేపర్లో చుట్టి ఉంది. విప్పితే ఇల్లంతా నీచు వాసన. ఆ పిల్ల దాన్ని కడగలేదు, తుడవలేదు. ఒక పక్కన బకెట్లో ఉప్పునీళ్లలో పెట్టింది. చేపలు ఎప్పుడొస్తాయని మహేశ్ అడిగాడు. నెల, నెలన్నర పడుతుందని చెప్పింది.

"అప్పటిదాంక చేపల్లేని తొట్టికి లైటెందుకే?"

"నీళ్లు పండాలె డాడీ."

"పండనీకి మామిడికాయలా?"

"నీ జోకులు పండినయ్‌లే, జర జరుగు."

నేనూ నవ్వాను. అప్పుడు సాహితి ఇసుక సంచి విప్పి, సోఫా చివర కూచున్న వదిన వైపు తిరిగింది. "నానమ్మా, రా. ఫస్ట్ పిడికెడు నువ్వెయ్యి."

"నా చెయ్యొద్దు బిడ్డా. మీ అమ్మతోని ఏపియ్యి."

"ఏమైతదే?"

"అయితది. చేపలకు నా చెయ్యి పడదు. మీ చిన్నతాతను అడుగు, ఆయనకు ఎరుకే."

నలుగురూ నావైపు చూశారు. వదిన మొహంలో ఫిర్యాదు లేదు. నాకు షుగరున్నదని ఎవరికైనా చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను గాజు పరికరాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి, "ఉప్పు ఇంకొంచెం తక్కువుంది సాహితీ" అన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ రోజుల్లో మేము ఉప్పల్‌లో రెండు గదులు, ఒక వరండా ఉన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ, అన్న, వదిన, నేను. అన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీకి సైకిలు మీద పోయేవాడు. పొద్దున సైరన్ కూసేసరికి ఇల్లంతా ఒక పద్ధతిలో కదిలేది: అమ్మ వాకిట్లో చల్లే పేడ కలిపిన సాంపి నీళ్ల వాసన, కిరోసిన్ స్టవ్ అంటుకోగానే వచ్చే నల్లటి పొగ, వదిన టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె మడిచి పక్కన పెట్టే మామిడి తొక్కు. గాలి నాచారం వైపు నుంచి వీస్తే బిస్కెట్లు కాలుతున్న తీపి వాసన వచ్చేది, ఇంకో రోజు మందుల వాసన. అమ్మ వాసన చూసి గాలి ఎటునుంచో చెప్పేది. నేను ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో రసాయనాల విభాగంలో చిన్న ఉద్యోగిని. గాజు పాత్రలు కడగడం, ద్రావణాలు కలపడం, రీడింగులు రాయడం నా పని. ఇంట్లో మాత్రం నేను పెద్ద శాస్త్రవేత్తను. దవాఖానా చీటీ వచ్చినా, ఆఫీసు కాగితం వచ్చినా నాకే చూపించేవారు. నేను చెప్పిందే ఖాయం.

వదిన భువనగిరి పక్క పల్లె నుంచి వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమె చేతికి వాడలో పేరుండేది. ఆమె కలిపిన ఆవకాయ మళ్లీ ఎండాకాలం దాకా బూజు పట్టేది కాదు. ఎవరి చెయ్యి పడితే తొక్కు నిలుస్తుందో, ఎవరు పెడితే విత్తనం మొలుస్తుందో మా ఆడవాళ్లకు ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కలో వదినది మొదటి స్థానం. ఎదురింటి రైల్వే క్లర్కు గారి భార్య, కోస్తా మనిషి, తన జాడీ పట్టుకొచ్చి "అనసూయమ్మా, నువ్వొక్కసారి చెయ్యి పెట్టి కలిపి ఇచ్చెయ్" అనేది. వాడలో బీర, కాకర విత్తనాలు పెట్టాలన్నా పిలిచేవారు. అమ్మ గర్వంగా "గా చెయ్యి జూసే ఖాయం జేసుకున్న, మొఖం తర్వాత జూసిన" అనేది. వదిన నవ్వి "మొఖం బాగలేదనుడా అత్తమ్మా?" అని అడిగేది.

మా సంస్థలోనే భూగర్భ విభాగంలో మూర్తి అని విశాఖపట్నం మనిషి ఉండేవాడు. ఒకరోజు క్యాంటీన్‌లో "నీకు అన్ని ఉప్పులూ తెలుసు కదా శేఖర్, ఒక సముద్రం చేసి చూపించవోయ్" అన్నాడు. అది నా తలకెక్కింది. సముద్రపు నీళ్లలో ఏ ఉప్పు ఎంతుంటుందో పుస్తకంలో చూసి డైరీలో రాసుకున్నాను. సుల్తాన్ బజార్‌లో ఉప్పులు, ఆబిడ్స్‌లో గాలి పంపు కొన్నాను. అన్న పాత ఇనుప మేజాబల్ల ఇచ్చాడు. గాజు తొట్టి రిక్షాలో వస్తుంటే వాడ పిల్లలంతా వెనక పరుగెత్తారు.

నేను చేసిన పనులు క్రమంగా డైరీలో ఉన్నాయి. ఇసుకను మూడుసార్లు ఉడికించాను. తొట్టిని పర్మాంగనేటు నీళ్లతో కడిగి, తర్వాత స్వేదనజలంతో కడిగాను. గొట్టాలను వేడినీళ్లలో ముంచాను. ప్రయోగశాలలో నేర్చుకున్నది అదే. మురికి ఉంటే ఫలితం తప్పుతుంది. మూర్తి ఊరికి పోయి తిరిగి వస్తూ రెండు ప్లాస్టిక్ క్యాన్లలో వేలెడంత చారల చేపలు ఏడు, వాటితో పాటు రేవు దగ్గరి నాచు పట్టిన నల్లరాయి తెచ్చాడు. రైల్లో దారి పొడుగునా ఆ క్యాన్లలోకి సైకిలు పంపుతో గాలి కొట్టుకుంటూ వచ్చానన్నాడు. తొట్టిని చుట్టూ తిరిగి చూసి, "నీ సముద్రం బానే ఉందోయ్, మావాళ్లకి నచ్చాలి కదా" అన్నాడు.

ఆ రాయిని వంటింట్లో పెద్ద గిన్నెలో ఉడకబెట్టడానికి పెట్టాను. కంపు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. వదిన మాత్రం దగ్గరికొచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"శేఖరూ, గా రాయిని ఉడకబెట్టకు. గది ఆటి ఇల్లు."

"అందులో పురుగులుంటయ్ వదినే."

"ఉంటె ఉండనియ్. నేను పెండ్లై వచ్చినప్పుడు మా అవ్వ ఇంటి సామాను గంపకెత్తి పంపలేదా? గదంత కడిగి పారబోస్తే నేనీడ ఉందునా?"

"ఇది పెండ్లి కాదు వదినే, సైన్సు."

"ఏమో నాయినా. గంత శుభ్రం జేస్తే నాకైతే ఊపిరాడదు."

రాయి తెల్లగా అయ్యేదాకా ఉడికించాను. ఆ సాయంత్రమే ఏడు చేపల్నీ వదిలాను.

మధ్యాహ్నం వంటపని అయ్యాక వదిన బియ్యం చాట పట్టుకుని తొట్టి ముందు కూచునేది. రాయి వెనక దాక్కునే ఒక చేపకు "కోడలు" అని పేరు పెట్టింది. మూడోరోజు నేను ఆఫీసు నుంచి రాగానే సంబరంగా చెప్పింది: "నీ కోడలు రాయికీ గాజుకూ నడుమ ఇరుక్కున్నది. జూసి జూసి నేనే చెయ్యి పెట్టి తీసిన. గంతే ఉరికింది." నేను కసిరాను. చేతికి పసుపుంటుంది, నూనె ఉంటుంది, సబ్బు ఉంటుంది, ఎందుకు పెట్టావన్నాను. కడుక్కునే పెట్టానంది. డైరీలో రాసుకున్నాను: వదిన తొట్టిలో చెయ్యి పెట్టింది.

ఐదోరోజు పొద్దున మొదటి చేప పక్కకు ఒరిగి తేలింది. మిగతావి నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఉప్పు సరిగ్గా ఉంది, గాలి సరిగ్గా ఉంది. తొమ్మిదో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. చివరిగా పోయింది కోడలే. వదిన వాటిని పాత బట్టలో మూటగట్టి పెరట్లో పాతిపెట్టి వచ్చి, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడో రోజు సాయంత్రం అన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. అమ్మ వరండాలో కూచుని నన్ను పిలిచింది. వదిన గడప లోపల నిలబడి ఉంది.

"శేఖరూ, సదువుకున్నోనివి. నువ్వు చెప్పు. ఇది చెయ్యి పెట్టుడుతోనే సచ్చినయా?"

నాకు కారణం తెలియదు. తెలియదని చెప్పొచ్చు. సంస్థలో నేను రోజూ పది కాగితాల మీద 'కారణం తెలియలేదు' అని రాసేవాణ్ని. కానీ మూర్తి ఆ రోజే క్యాంటీన్‌లో అందరి ముందూ "సముద్రం ఎండిపోయిందటగా" అని నవ్వాడు. ఏడు చేపల మీద నేను పడ్డ శ్రమంతా ఆ డైరీ పేజీల్లో తప్పు లేకుండా ఉంది. అందులో నాది కాని పని ఒక్కటే ఉంది.

"అవును. అంతకుముందు మంచిగనే ఉన్నయ్" అన్నాను.

అన్న తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. అమ్మ "సరే తియ్యి" అంది. వదిన బొక్కెన తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది.

ఆ ఎండాకాలం మామిడికాయలొచ్చాయి. ఆవాలు దంచింది వదినే, కాయలు తుడిచింది వదినే. కలిపే రోజు అమ్మ ఎదురింటామెను పిలిచింది. ఎదురింటామె తన జాడీ సంగతి అడిగితే "దాని చెయ్యి వద్దులే, ఏడు పాణాలు పోయినయ్" అంది అమ్మ. మాట వాడంతా పోవడానికి వారం పట్టలేదు. విత్తనాలకు పిలవడం మానేశారు. మొదట్లో వదిన "నేనేం జేసిన?" అని అన్న దగ్గర ఏడ్చేదట. కొన్నాళ్లకు ఎవరూ వద్దనకముందే తనే పక్కకు జరగడం మొదలుపెట్టింది. అమ్మ పోయింది, ఎదురింటివాళ్లు బదిలీ మీద పోయారు, మేము ఆ ఇల్లు వదిలేశాం, తర్వాత అన్న కూడా పోయాడు. వద్దనేవాళ్లు ఎవరూ లేకపోయినా వదిన జరుగుతూనే ఉంది.

నేను దాచింది ఇది కాదు. దాచింది ఇంకొకటుంది. చేపలు పోయిన రెండేళ్లకు సంస్థ గ్రంథాలయంలో ఏదో వెతుకుతూ ఒక విదేశీ పత్రిక తిప్పాను. చేపల విసర్జన నీళ్లలో విషమవుతుందని, ఇసుకను, రాయిని పట్టుకుని ఉండే కంటికి కనబడని జీవాలే ఆ విషాన్ని తింటాయని, అవి పెరిగేదాకా వారాల తరబడి తొట్టిని ఖాళీగా ఉంచాలని, సముద్రంలోంచి తెచ్చిన రాయి అందుకు అన్నిటికంటే మంచిదని అందులో ఉంది. నిలబడే చదివాను. ఆ రోజు డైరీలో మూడు వాక్యాలున్నాయి. 'చేపల సంగతి తెలిసింది. రాయిని ఉడికించినందువల్లనే. వదినకు చెప్పాలి.' మర్నాటి పేజీలో ఆఫీసు సంగతులున్నాయి. దాని మర్నాడు కూడా. నెల రోజుల పేజీలు చూశాను. ఆ మాట మళ్లీ లేదు.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడు వెతుక్కుంటే కారణాలు చాలా దొరుకుతాయి. అమ్మకు అప్పుడు ఒంట్లో బాగాలేదు. వదిన కడుపుతో ఉంది. నాకు సంబంధాలు చూస్తున్నారు. అవన్నీ నిజమే, అవేవీ కారణం కావు. ఆ ఇంట్లో నా మాటకు ఉన్న విలువ నాకు ఇష్టంగా ఉండేది. ఒక చేపల తొట్టి విషయంలో అది తప్పని ఒప్పుకుంటే, ఆ తర్వాత దవాఖానా చీటీ నాకు చూపించేటప్పుడు అన్న కళ్లలో చిన్న సందేహం ఉంటుందని భయపడ్డాను. అంతే. చాలా చిన్న భయం. సాహితి తరంలో ఇది ఎంత తేలికో ఆదివారం చూశాను. ఆ పిల్ల ఫోనులో ముక్కూ మొహం తెలియని వందమందిని అడిగి తొట్టి పెడుతోంది. వాళ్లు 'నా మొదటి తొట్టిలో అన్నీ చచ్చాయి, నేనే తొందరపడ్డాను' అని ఫొటోలతో సహా రాసుకుంటారు. అడిగినవాళ్లు లేకపోయినా చెప్పుకుంటారు. మా ఇంట్లో చదువుకున్నవాడు ఒక్కడే ఉండేవాడు. వాడు చెప్పిందాన్ని సరిచూసే మనిషి లేడు. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

గురువారం పదకొండింటికి నాచారం పోయాను. ఆ వేళకు ఇంట్లోవాళ్లంతా పనులకు పోతారు, వదిన ఒక్కతే ఉంటుందని తెలిసే పోయాను. హాలు మూల తొట్టిలో రాయి, ఇసుక, ఖాళీ నీళ్లు. వదిన కింద చాప మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది. చాయ్ పెట్టనా అని అడిగింది. తర్వాత తాగుతానన్నాను. ఆ రోజుల డైరీలు రెండు సంచిలోంచి తీసి, వరసగా చదివాను. ఉడికించిన ఇసుక, ఉడికించిన రాయి, ఆమె చెయ్యి పెట్టిన రోజు, గ్రంథాలయం. ఎక్కడా ఆగలేదు.

"నీ చెయ్యితోని కాదు వదినే. నాతోనే సచ్చినయ్. నువ్వన్నట్టు రాయిని ఉడకబెట్టకుంటే బతుకునేమో."

ఆమె గింజలు తీస్తూనే ఉంది. "ఎవరు చెప్పిన్రు నీకు?"

"చదివిన."

"ఎప్పుడు?"

"మహేశ్ పుట్టకముందు."

వేళ్లు ఆగాయి. "అంటే మీ అన్న ఉన్నప్పుడు."

"ఆఁ."

"అత్తమ్మ గూడ ఉన్నది అప్పటికి."

"ఉన్నది."

"మరి అందరు పోయినంక చెప్తవేంది శేఖరూ? ఇప్పుడు నేనెవరికి చెప్పుకోవాలె?"

తప్పయిందన్నాను. ఆమె విన్నట్టు లేదు. చింతపండు కుప్పను ఒక పక్కకు నెట్టింది.

"సునీతకు తల్లి లేదు. కాన్పు ఈడనే జేసినం. సాహితికి నీళ్లు పొయ్యవలసింది నేను. నెల పిల్లను కాళ్లమీద ఏసుకొని నీళ్లు పోసుడు, సాంబ్రాణి పొగేసుడు, ముక్కు ఒత్తుడు, అన్ని నాకొచ్చు. మా పుట్టింట్ల పది మంది పిల్లలకు పోసిన. కింద పోర్షన్ల ఉన్న ఆమెను బతిమాలి పిలిచిన. తలుపు కాడ నిలబడి జూసిన, మూడు నెలలు. సునీత ఏమనుకున్నదో. ఆడపిల్ల పుట్టిందని ముట్టలేదనుకున్నదేమో. నేనేం జెప్పలే. నా చెయ్యి మంచిది గాదని కొత్త కోడలికెట్ల చెప్పుకుంట?"

నాకు ఈ సంగతి తెలియదు. ఆ మూడు నెలల్లో నేను ఆ ఇంటికి చాలాసార్లు పోయాను. ఏ రోజు పోయానో, పిల్ల బరువెంత పెరిగిందో డైరీలో ఉంది.

కాసేపటికి వదిన లేచి వంటింట్లోకి పోయి చాయ్ తెచ్చింది. నాకు షుగరని ఆమెకు తెలుసు, ఎప్పుడూ వేయదు. ఆ రోజు చక్కెర వేసింది. తాగాను. "ఎండ ఎక్కుతది, పో ఇగ" అంది. గేటు దాకా రాలేదు.

మర్నాడు శుక్రవారం. ఎనిమిదిన్నరకు సాహితి ఫోను చేసింది. తొట్టిలో ఏమైనా అయిందా అని అడిగాను.

"తొట్టికేం కాలె చిన్నతాతా, నాకైంది. నానమ్మ ఆరింటికి లేపింది. తలకు మాడు పగిలేటట్టు నూనె పెట్టింది. సున్నిపిండి, కుంకుడురసం, ఇంతింత వేడినీళ్లు. కింద పీట మీద కూసోబెట్టి ఆమెనే పోసింది. ఇరవై ఆరేండ్లున్నయే నాకు అంటే, ఊకో అన్నది. ముక్కు ఒత్తింది. ముక్కెందుకు ఒత్తుతరు? అమ్మేమో తలుపు కాడ నిలబడి ఏడుస్తది. ఏమైందంటే ఇద్దరూ చెప్తలేరు. క్యాబ్ కూడ మిస్సయిన. నీకేమన్న తెలుసా?"

తెలుసన్నాను. సాయంత్రం వచ్చి చెబుతానన్నాను. నానమ్మకు ఒకసారి ఫోనివ్వమన్నాను. ఫోను చేతులు మారలేదు. లోపల ఎక్కడో సాంబ్రాణి డబ్బా మూత తీసిన చప్పుడు, తర్వాత వదిన గొంతు వినిపించాయి.

"ఎవరైతేంది, పెట్టెయ్. జుట్టు తడారలే, ఇటు రా బిడ్డా."